తిరుపతి, చిత్తూరు ఎంపీలు లోక్‌సభలో ఎటు ఓటు వేశారో ఎక్కడ చూడాలి?

కాళహస్తి పాఠకుడు (ప్రశ్న)

శ్రీకాళహస్తిలో మేము కొందరం అప్పుడప్పుడు కూర్చుని ప్రభుత్వ నివేదికలూ, పార్లమెంటు వార్తలూ చదివి చర్చించుకుంటూ ఉంటాము. ఈసారి మా తిరుపతి ఎంపీ మద్దిల గురుమూర్తి గారి గురించి, పక్క నియోజకవర్గమైన చిత్తూరు ఎంపీ దగ్గుమళ్ల ప్రసాదరావు గారి గురించి ఒక చిన్న పత్రం తయారు చేయాలనుకున్నాము. ఈ ఇద్దరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలే, రెండింటి మధ్య గంటన్నర ప్రయాణం కూడా లేదు. అయినా 2024 ఎన్నికలలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు రాష్ట్రంలో దక్కిన 4 లోక్‌సభ స్థానాలలో తిరుపతి ఒకటి కాగా, తెలుగుదేశం గెలిచిన 16 స్థానాలలో చిత్తూరు ఒకటి. కాబట్టి ఒకే బిల్లు మీద ఇరుగుపొరుగు ఎంపీలు ఎటు నిలిచారో పక్కపక్కన పెట్టి చూపితే ఓటర్లకు ఉపయోగపడుతుందని మా ఆలోచన.

అయితే పని మొదలుపెట్టగానే చిక్కు వచ్చింది. పార్లమెంటు పనితీరును గమనించే పీఆర్ఎస్ సంస్థ వెబ్‌సైటులో ఎంపీల హాజరు, పాల్గొన్న చర్చలు, అడిగిన ప్రశ్నలు, ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లులు (మంత్రులు కాని సభ్యులు తెచ్చేవి) చక్కగా దొరుకుతున్నాయి గాని, ఫలానా బిల్లుకు అనుకూలంగా ఓటు వేశారా, వ్యతిరేకంగా వేశారా అనే వరుస మాత్రం అందులో కనిపించలేదు. మా బృందంలో ఒకరి కుమార్తె అమెరికాలో ఉంటున్నారు. అక్కడి ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులు 1973 నుంచి ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఓటు వేస్తున్నారనీ, అలా నమోదైన ప్రతి ఓటూ సభ్యుడి పేరుతో సహా ఇంట్లో కూర్చుని చూడవచ్చనీ ఆమె చెబుతున్నారు. మన లోక్‌సభలోనూ బల్లల మీద మీటలు ఉన్నాయి కదా, మరి ఆ లెక్క ఎక్కడికి పోతున్నది?

రెండో సందేహం కూడా ఉంది. పార్టీ విప్ (తన సభ్యులకు ఇచ్చే ఆదేశం) జారీ చేసినప్పుడు వేసిన ఓటును ఆ ఎంపీ సొంత అభిప్రాయంగా రాయవచ్చునా? తెలిసినవారు వివరించగలరు.

చిత్తూరు న్యాయవాది

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాము. మన సభలో మీటలు ఉన్నా వాటిని నొక్కే సందర్భాలు తక్కువ. బిల్లు చర్చ ముగిశాక స్పీకరు అనుకూలురను ‘అవును’ అనమని, వ్యతిరేకులను ‘కాదు’ అనమని కోరి, వినిపించిన గొంతుల బలాన్ని బట్టి ఆమోదం పొందిందని ప్రకటిస్తారు. పత్రికలు మూజువాణి ఓటు అని రాసేది దీనినే. అందులో ఎవరి పేరూ నమోదు కాదు. స్పీకరు ప్రకటనను ఎవరైనా సభ్యుడు అంగీకరించక డివిజన్, అంటే ఓట్లను లెక్కించే పద్ధతి, కోరితేనే, లోక్‌సభ కార్యవిధాన నియమాలలోని 367వ నియమం ప్రకారం లాబీలు ఖాళీ చేయించి, గంట మోగించి, 3 నిమిషాల 30 సెకన్ల తరువాత ప్రశ్నను రెండోసారి సభ ముందు పెడతారు. అప్పుడే మీటలకు పని. ఆ నియమంలోనే మరొక మెలిక ఉంది: అనవసరంగా డివిజన్ కోరుతున్నారని స్పీకరు భావిస్తే, సభ్యులను తమ స్థానాలలో లేచి నిలబడమని చెప్పి తలలు లెక్కించి ఫలితం ప్రకటించవచ్చు. అలా చేసినప్పుడు అంకె మిగులుతుంది, పేర్లు మిగలవు.

ఇందువల్ల ఎంత నష్టమో తెలుగువారికి వేరే చెప్పనవసరం లేదు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. మన తరంలో మన రాష్ట్రాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చిన చట్టం అది. దాని మీద అప్పటి తిరుపతి ఎంపీ చింతా మోహన్ గారు ఎటు ఓటు వేశారు, చిత్తూరు ఎంపీ శివప్రసాద్ గారు ఎటు వేశారు అని అధికారిక పట్టికలో వెదికితే దొరకదు, ఎందుకంటే పట్టికే తయారు కాలేదు. వారి ప్రసంగాలు, ప్రకటనలు, నిరసనలు వేరు, ఓటు వేరు. 2020 సెప్టెంబరులో మూడు వ్యవసాయ బిల్లులు వచ్చినప్పుడు రాజ్యసభలో ప్రతిపక్షం డివిజన్ కోరినా మూజువాణితోనే ముగించారు. 2021 నవంబరు 29న అవే చట్టాలను రద్దు చేసిన బిల్లు కూడా ఉభయ సభలలో చర్చ లేకుండా మూజువాణితోనే నెగ్గింది. చట్టం వచ్చినప్పుడూ పోయినప్పుడూ కూడా రైతుకు తన ఎంపీ ఓటు తెలియలేదన్నమాట.

డివిజన్ తప్పనిసరి అయ్యేది రాజ్యాంగ సవరణ బిల్లులకు. 368వ అధికరణం ప్రకారం సభ మొత్తం సభ్యత్వంలో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు కావాలి గనుక గొంతులతో లెక్క తేల్చడం కుదరదు. అందువల్ల 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేసినట్లు పేర్లతో సహా నమోదైంది. మీ పత్రానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. లోక్‌సభలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు రాజ్యాంగంలో కాలపరిమితితో ఉన్నాయి. 2019 డిసెంబరులో వచ్చిన 104వ సవరణ వాటిని 2030 జనవరి వరకు పొడిగించింది. తిరుపతి, చిత్తూరు స్థానాలు ఇప్పటి రూపంలో కొనసాగడం ఆ సవరణ మీదే ఆధారపడి ఉన్నది. మళ్లీ పొడిగించాలంటే ఈ లోక్‌సభ గడువు ముగిసేలోగానో, తరువాతి సభ తొలి నెలలలోనో డివిజన్ జరగవలసిందే. మీరు ఏ పట్టిక తయారు చేసినా ఆ ఓటుకు ఒక గడి ఇప్పుడే ఖాళీగా ఉంచండి.

వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థి

న్యాయవాది గారు చెప్పినదానికి ఆచరణలో ఉపయోగపడే వివరాలు కొన్ని జోడిస్తాను.

డివిజన్ జరిగినప్పుడు ఓటు వేసినవారి పేర్లు ఆనాటి సభా చర్చల పూర్తి పాఠంలోనే, బిల్లు ఓటింగు ఘట్టం దగ్గర వస్తాయి. పార్లమెంటు వెబ్‌సైటులో లోక్‌సభ చర్చల విభాగానికి వెళ్లి తేదీని బట్టి వెదకాలి. సభ్యుడి పేరుతో వెదికితే ఆయన మాట్లాడిన సందర్భాలు మాత్రమే తగులుతాయి. ఓటు పట్టికలోని పేరు ఆ వెదుకులాటకు చిక్కకపోవచ్చు. కాబట్టి ముందు ఏ బిల్లు మీద ఏ తేదీన డివిజన్ జరిగిందో పత్రికల ద్వారా నిర్ధారించుకుని, తరువాత ఆ తేదీ పాఠం తెరవడం మంచి పద్ధతి. పట్టిక కింద చిన్న అక్షరాలలో దిద్దుబాట్లు ఉంటాయి. యంత్రం పని చేయక, లేదా పొరపాటు మీట నొక్కి, చీటీ ద్వారా తమ ఓటును సరిచేసుకున్న సభ్యుల పేర్లు అక్కడ ఇస్తారు. సభలో వెంటనే ప్రకటించే అంకె ‘సవరణలకు లోబడి’ ఉంటుంది కనుక మరునాటి పత్రికలోని అంకెకూ, చివరి రికార్డుకూ తేడా రావడం మామూలే. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల రాజ్యాంగ సవరణ బిల్లును ప్రవేశపెట్టడం మీద జరిగిన ఓటింగును దీనికి ఉదాహరణగా చూడవచ్చు. మీటల లెక్కకు చీటీల లెక్క కలిసిన తరువాత అనుకూలం 269, వ్యతిరేకం 198గా తేలింది. అది బిల్లు ప్రవేశం మీద ఓటు మాత్రమే, బిల్లు ఆమోదం మీద కాదు. ఈ తేడాను మీ పత్రంలో తప్పక రాయండి. మాధ్యమాలలో రెండూ కలిసిపోతూ ఉంటాయి.

ఇంకొక జాగ్రత్త. పేరు కనబడకపోతే వ్యతిరేకించారని గాని, తప్పించుకున్నారని గాని రాయకూడదు. తటస్థంగా ఉన్నట్లు మీట నొక్కినవారి పేర్లు వేరుగా వస్తాయి. ఏ జాబితాలోనూ పేరు లేదంటే ఆ సమయంలో ఓటు వేయలేదని మాత్రమే అర్థం. అనారోగ్యమా, ప్రయాణమా, పార్టీ సభ నుంచి బయటకు నడిచిందా అనేది విడిగా తెలుసుకోవాలి. హాజరు పట్టిక దీనికి సహాయపడదు, ఎందుకంటే ఉదయం హాజరు నమోదు చేసుకున్న సభ్యుడు సాయంత్రం ఓటింగులో ఉండి తీరాలన్న నియమం లేదు.

అన్నిటికన్నా ముందు, ఆనాడు ఆ స్థానంలో ఎవరున్నారో చూసుకోవాలి. తిరుపతి విషయంలో ఇది చాలా ముఖ్యం. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక హోదా కోసం రాజీనామా చేసిన అయిదుగురు వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలలో అప్పటి తిరుపతి సభ్యుడు వరప్రసాదరావు గారు ఒకరు. జూన్‌లో రాజీనామాలు ఆమోదం పొందాయి. లోక్‌సభ గడువు ఏడాది కూడా మిగలనందున ఉప ఎన్నిక జరగలేదు. ఫలితంగా 2018 జూలై 20న తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం 126 - 325 తేడాతో వీగిపోయిన రోజున గాని, 2019 జనవరి 8న ఆర్థికంగా వెనుకబడిన వర్గాల రిజర్వేషన్ సవరణ 323 - 3 తేడాతో నెగ్గిన రోజున గాని తిరుపతి తరఫున ఓటు వేయడానికి సభలో మనిషే లేడు. రెండోసారి 2020 సెప్టెంబరులో బల్లి దుర్గాప్రసాద్ గారి మరణంతో స్థానం ఖాళీ అయింది. 2021 మే 2న ఉప ఎన్నిక ఫలితం వచ్చాకనే గురుమూర్తి గారు ఎంపీ అయ్యారు. 2019 డిసెంబరు 9న 311 - 80 తేడాతో నెగ్గిన పౌరసత్వ సవరణ బిల్లు మీద ఆయన ఓటు ఏమిటని సామాజిక మాధ్యమాలలో అడిగేవారికి ఇదే సమాధానం. ప్రసాదరావు గారి రికార్డు 2024 జూన్ నుంచి మొదలవుతుంది. అంతకుముందు చిత్తూరు ఎంపీ రెడ్డెప్ప గారు.

నియోజకవర్గం హద్దులు కూడా మీ పత్రంలో ఒక వాక్యంలో చెబితే మంచిది. పుంగనూరు, పీలేరు, మదనపల్లె పాత చిత్తూరు జిల్లాలోవే అయినా లోక్‌సభకు రాజంపేట కిందికి వస్తాయి. పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, సర్వేపల్లి మాత్రం తిరుపతి ఎంపీ పరిధిలో ఉన్నాయి. పత్రం చదివిన పీలేరు వాసి తనది కాని ఎంపీ మీద కోపం తెచ్చుకోకుండా ఉండాలి కదా.

బంగారుపాళెం మామిడి రైతు

పెద్దలు చెప్పిన విషయాలు విలువైనవే గాని, నా వరకు ఓట్ల పట్టిక కన్నా ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. మా బతుకును తాకే నిర్ణయాలు చాలావరకు సభలో ఓటింగుకే రావు. 2025 జూన్, జూలై నెలలలో తోతాపురి రకం మామిడి ధర కూలిపోయి, గుజ్జు పరిశ్రమల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, కిలోకు పరిశ్రమ 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్న నిర్ణయం అమరావతిలో జరిగింది. తరువాత మార్కెట్ జోక్యం పథకం కింద 1.62 లక్షల టన్నులకు, క్వింటాలు 1,490.73 రూపాయల లెక్కన, ధర తేడాను కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించేలా కేంద్ర వ్యవసాయ శాఖ ఒప్పుకున్నది. ఇందులో ఎక్కడా లోక్‌సభ ఓటు లేదు. గుజ్జు మీద జీఎస్టీ ఎంత ఉండాలనేది తేల్చేది జీఎస్టీ మండలి; అందులో కేంద్ర, రాష్ట్ర ఆర్థిక మంత్రులు కూర్చుంటారు గాని ఎంపీలు కూర్చోరు.

అందుచేత మా ఎంపీ మామిడి గురించి ఏమి అడిగారు, ఎప్పుడు అడిగారు, ధర పడిపోక ముందు అడిగారా పడ్డాక అడిగారా అనేది నాకు ముఖ్యం. ధర పడ్డాక ఢిల్లీలో మంత్రికి వినతిపత్రం ఇస్తూ తీయించుకున్న ఫొటో అందరి దగ్గరా ఉంటుంది. అంతకు ముందు బడ్జెటు సమావేశాలలో మార్కెట్ జోక్యం పథకం నిధుల గురించి ప్రశ్న వేసిన ఎంపీ ఎవరైనా ఉంటే, నేను ఆయన పార్టీ చూడకుండా ఓటు వేస్తాను.

మరొక మాట కూడా చెప్పాలి. చిత్తూరులో నా ఈడు వారిని ఎంపీ గురించి అడిగితే చాలామంది ఇప్పటికీ శివప్రసాద్ గారి వేషాలే చెబుతారు. ప్రత్యేక హోదా కోసం ఆయన నారదుడుగా, ఇంకా ఎన్నో రూపాలలో పార్లమెంటు ఆవరణలో నిలబడ్డారు. నవ్వినవారు నవ్వారు, మెచ్చినవారు మెచ్చారు. హోదా మాట దేశమంతా వినబడింది. ఆవరణలో కట్టిన వేషం సభా చర్చల పాఠంలోకి ఎక్కదు కదా. అంటే రికార్డు ఒక్కటే చూసి ఎంపీని తూచితే చిత్తూరు జనానికి బాగా గుర్తున్న విషయమే తప్పిపోతుంది. దానిని మీ పత్రంలో ఏ గడిలో రాస్తారు?

రేణిగుంట విశ్రాంత అధ్యాపకుడు

రైతు సోదరుడి ఆవేదన నాకు అర్థమైంది గాని, ఓటు పట్టికను పక్కన పెట్టడానికి నేను ఒప్పుకోను. ప్రశ్న వేయడానికి ఖర్చు లేదు. 15 రోజుల ముందు నోటీసు ఇస్తే లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలకు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి), 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలకు అవకాశం ఉంటుంది. రెండో రకానికి మంత్రిత్వ శాఖ రాతపూర్వకంగా జవాబు ఇచ్చి ఊరుకుంటుంది. చాలా ప్రశ్నలు ఎంపీ కార్యాలయంలోని సహాయకులు రాసేవే. సంఖ్య చూసి మురిసిపోవడం కన్నా, ఒకే విషయం మీద మళ్లీ మళ్లీ అడిగారా, వచ్చిన జవాబును పట్టుకుని ముందుకు వెళ్లారా అనేది చూడాలి. ఓటు అలా కాదు. ఓటుతో చట్టం మారుతుంది.

విప్ గురించి అడిగిన రెండో సందేహానికి వస్తాను. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల లోపల క్షమించకపోతే సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు ఆ షెడ్యూలును సమర్థిస్తూనే, అలాంటి ఆదేశాలు ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓటింగుకూ, పార్టీ ప్రజల ముందు పెట్టిన ప్రధాన విధానాలకూ పరిమితమైతే బాగుంటుందన్న భావం వెలిబుచ్చింది. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ, 1999లో లా కమిషన్ 170వ నివేదిక దాదాపు అదే చెప్పాయి. పార్టీలు చెవిన పెట్టలేదు. చండీగఢ్ ఎంపీ మనీశ్ తివారీ ఈ కట్టుబాటును సడలించాలని ప్రైవేటు బిల్లు తెచ్చారు. అయితే ప్రైవేటు బిల్లు చట్టమైన చివరి సంవత్సరం 1970 అని గుర్తు చేసుకుంటే దాని భవిష్యత్తు అంచనా వేయవచ్చు.

కాబట్టి విప్ కింద వేసిన ఓటు ఎంపీ సొంత మనసు అని రాయలేము. కాని ఆయన బాధ్యత కాదని కూడా రాయలేము. పార్టీ గుర్తు మీద గెలిచినప్పుడు పార్టీ ఓటు కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288 - 232 తేడాతో నెగ్గినప్పుడు తెలుగుదేశం అనుకూలంగా, వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకంగా నిలిచాయి. కాళహస్తి మిత్రులు కోరుతున్న పోలిక ఇలాంటి చోటే బాగా కనబడుతుంది. పార్టీలు విడిపోయిన ఈ సందర్భాన్ని వదలి, రెండు పార్టీలూ ఒకే వైపు నిలిచిన మహిళా రిజర్వేషన్ వంటి బిల్లులనే పట్టికలో నింపితే పాఠకుడికి ఏమీ తెలియదు. డివిజన్ పట్టిక తెరచి ఇద్దరి పేర్లు ఏ వైపు ఉన్నాయో మీరే చూసి రాయండి. పార్టీ వైఖరిని చూసి ఊహించి మాత్రం రాయకండి.

సొంత మనసు కొంతైనా బయటపడే చోటు పార్లమెంటరీ స్థాయీ సంఘాలు. శాఖలవారీగా 24 సంఘాలు ఉన్నాయి, ఒక్కొక్కదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులు ఉంటారు. అక్కడ విప్ నడవదు. నివేదికతో ఏకీభవించని సభ్యుడు అసమ్మతి పత్రం ఇస్తే అది నివేదిక వెనుక అచ్చవుతుంది. సమావేశాలు తలుపులు మూసి జరిగినా, ఎవరు హాజరయ్యారో తెలిపే సంక్షిప్త వివరాలు నివేదికకు జతచేస్తారు. మీ ఇద్దరు ఎంపీలు ఏ సంఘంలో ఉన్నారో చూసి, ఆ నివేదికల చివరి పుటలు తిరగేయండి. ఎవరూ చదవని పుటలు అవే.

వేషాల విషయంలో రైతు సోదరుడితో నాకు పేచీ లేదు. సభ వెలుపల తీసుకున్న బహిరంగ వైఖరి అని ప్రత్యేకంగా ఒక భాగం పెట్టి, ప్రసంగాలు, నిరసనలు, లేఖలు, ఎన్నికల హామీలు అందులో తేదీలతో రాస్తే సరిపోతుంది.

చిత్తూరు న్యాయవాది

అధ్యాపకుల వారితో ఒక అంశంలో విభేదిస్తాను. ప్రతి ఓటు వెనుకా సభ్యత్వం పోతుందన్న భయం ఉంటుందని అనుకోనవసరం లేదు. మూడు గీతల విప్ జారీ అయితేనే పార్టీ ఫలానా వైపు ఓటు వేయమని కట్టడి చేసినట్లు. ఒక గీత విప్ సమాచారం మాత్రమే, రెండు గీతలది హాజరు కోసం. ప్రైవేటు తీర్మానాల వంటివాటికి పార్టీలు చాలాసార్లు పట్టించుకోవు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలలో అయితే విప్ చెల్లదు, ఓటు రహస్యం. అందువల్ల అక్కడ ఎంపీ ఎటు వేశారని మీ పత్రంలో రాయడానికి అవకాశమే లేదు, ఎవరైనా రాస్తే నమ్మకండి. ఓటు కోసం లంచం తీసుకుంటే, సభలో ఎంపీ మాటకూ ఓటుకూ 105వ అధికరణం ఇచ్చే రక్షణ ఉండదని 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం సీతా సోరెన్ కేసులో తేల్చి, 1998 నాటి తీర్పును తోసిపుచ్చింది. ఓటు పార్టీ ఆస్తి మాత్రమే అయితే ఇంత చర్చ ఎందుకు వస్తుంది?

కాళహస్తి పాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. మీ సలహాల మేరకు డివిజన్ జరిగిన ఓట్లకు ఒక భాగం, ప్రశ్నలు, సంఘాల పనికి ఒక భాగం, సభ వెలుపలి వైఖరులకు ఒక భాగం పెడుతున్నాము. మామిడి, కృష్ణపట్నం ఓడరేవు, ఏర్పేడులోని ఐఐటీ వంటి స్థానిక విషయాల మీద అడిగిన ప్రశ్నలను వరుసగా ఇచ్చి, వచ్చిన జవాబు సారాన్ని పక్కన రాస్తాము. అయితే మూజువాణితో నెగ్గిన ముఖ్యమైన బిల్లులను పూర్తిగా వదిలేయాలా? వదిలేస్తే పత్రంలో సగం చరిత్ర ఉండదు.

వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థి

వదిలేయవద్దు సార్. ‘మూజువాణి ఓటు, పేర్లు నమోదు కాలేదు’ అని గడిలో రాసి, ఆ చర్చలో ఎంపీ మాట్లాడి ఉంటే ప్రసంగంలోని ముఖ్య వాక్యాన్ని, తేదీని ఇవ్వండి. ఆయన మాట్లాడకుండా పార్టీ తరఫున వేరొకరు మాట్లాడితే ఆ పేరుతోనే ఇవ్వండి. ఒకరి మాట మరొకరి నోట పెట్టినట్లు కాకూడదు. తెలుగులో చేసిన ప్రసంగాలు చర్చల పాఠంలో ఇంగ్లీషు అనువాదంగా కనిపిస్తాయి. దానిని తిరిగి తెలుగు చేస్తే ఎంపీ అసలు మాటలకు దూరమవుతుంది గనుక, సభా ప్రసారం వీడియో విని రాసుకోవడం మంచిది.

చిత్తూరు న్యాయవాది

అచ్చుకు పంపే ముందు ఒకే ప్రశ్నల జాబితాను ఇద్దరు ఎంపీల కార్యాలయాలకూ ఒకే రోజున పంపి, జవాబుకు ఒకే గడువు ఇవ్వండి. వచ్చిన జవాబును కత్తిరించకుండా వేయండి. రాకపోతే రాలేదని తేదీతో రాయండి. పత్రం అడుగున ముద్రాపకుడి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పక ఉండాలి. ఎన్నికల కరపత్రాలకు ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను దీనిని తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఎన్నికలు లేకపోయినా, ఈ కాగితం 2029 వరకు ఎవరి జేబులోనైనా ఉండవచ్చు.